కాచుట మొదలు కాపురము దాక



నార్వే, ఐస్లాండు, డెన్మార్కు దేశములవారు వేయి సంవత్సరముల క్రిందట మాటలాడిన ప్రాచీన నార్సు భాషలో ‘బూఆ’ యను క్రియాపద మొకటి గలదు. చూడబోయిన రెండక్షరముల మాట. దాని సంసారము మాత్రము మిక్కిలి పెద్దది. ఒకచోట నివసించుట దాని మొదటి యర్థము. ఆ చోట పొలము సాగుచేసికొని పాడిపంటలతో బ్రతుకుట రెండవ యర్థము. ఓడను ప్రయాణమునకు సిద్ధము చేయుటయు, కత్తిపిడికి బంగారము తొడిగి యలంకరించుటయు గూడ దాని యర్థములే. ఇన్ని పనులను ఒక్క మాటతో జరుపుకొనిన ఆ జనమును మాటల పేదలని తలంపరాదు. ఇల్లు, పొలము, పడవ, పనిముట్టు అనునవి వారి కంటికి వేరువేరు వస్తువులుగా గాక ఒక్క బ్రతుకునకు చెందిన ఏర్పాట్లుగా కనబడినవి గావున, ఆ ఏర్పాటంతటికి ఒక్క మాటయే చాలినది.

ఈ ప్రసంగమున ఆ మాటను కృష్ణా జిల్లా తీరమునున్న కృత్తివెన్ను దాక తీసికొనివచ్చి, మన తీరమున ఆ పనినే ఏ మాట నెరవేర్చుచున్నదో చూపదలచినాను. ఆ మాట ‘కాచు’. ‘కాయు’ అనియు నందుము. “గేదెల్ని కాస్తన్నాడు,” “చెరువు కాస్తన్నాడు” అని మనవారు దినమునకు పదిసారులు పలుకు మాటయే గాని, నిఘంటువు తెరచి వెదకవలసిన మాట గాదు.

ముందుగా ఒక సంగతి. ‘బూఆ’కును ‘కాచు’నకును రక్తబంధ మేమియు లేదు. మొదటిది సంస్కృతము, గ్రీకు, లాటిను భాషలు పుట్టిన కుటుంబములోనిది, రెండవది ద్రావిడము. 1786లో కలకత్తాలో విలియం జోన్సు చేసిన ప్రసంగము సంస్కృతమునకు యూరోపు భాషలతోడి సంబంధమును లోకమునకు చాటినది. 1816లో మద్రాసున ఎల్లిసు దొర తెలుగు సంస్కృతజన్యము గాదనియు, తమిళ కన్నడములతో కలసి వేరొక కుటుంబమునకు చెందినదనియు నిరూపించినాడు. ఈ రెండు సంగతులును తెలిసినవారు ‘బూఆ’ మనకు పూర్తిగా పరాయి మాట యని తీర్పు చెప్పబోదురు. ఆ తీర్పునకు తొందరపడవలదు.

ఏలయన ‘బూఆ’ మూలము సంస్కృతములోని ‘భూ’ ధాతువు మూలముతో నొక్కటి. పాణినీయ ధాతుపాఠము ఆరంభమున మొట్టమొదట నిలుచున్నది ఈ ధాతువే. దానికి చెప్పిన యర్థము సత్త, అనగా ఉనికి. ఉండుట యను ఆ భావమునుండియే మనవైపు భూమి, భవనము, భూతము, ప్రభువు, అనుభవము, స్వభావము వచ్చినవి. వారివైపు ఉండుట క్రమముగా ఒకచోట ఉండుటయై, ఉన్నచోట దున్నుకొనుటయై, ‘బూఆ’గా స్థిరపడినది. కావున కృత్తివెన్ను రైతు తన పట్టాదారు పుస్తకమును చేతబట్టి ‘భూమి’ యన్నప్పుడెల్ల, ఐస్లాండు మంచుగుట్టల నడుమ గొఱ్ఱెలను పెంచుకొను రైతు వాడు క్రియాపదమునకు దూరపు దాయాదిని పలుకుచునే యున్నాడు. ఐస్లాండువారు నేటికిని తమ నివాసమును చెప్పుకొనుట కా క్రియనే వాడుదురు.

‘బూఆ’ చేయువాడు, అనగా నివసించువాడు, ‘బోందీ’. ఈ బోందీ యెవడయ్యా యన్న, తన పొలము, తన పశువులు, తన కప్పు క్రింద తన జనము గల స్వతంత్రుడైన రైతు. నివాసికిని రైతుకును నార్సు భాషలో భేదము లేదు. దున్నక యుండువాడు అక్కడ ఉండువాడే గాడు. దాని ముందు ఇల్లను అర్థము గల ‘హూస్’ చేర్చిన ‘హూస్‌బోందీ’, ఇంటి యజమాని. డేనులు తొమ్మిదవ శతాబ్దిలో ఇంగ్లండు ఉత్తరభాగమును జయించి కాపురము పెట్టినప్పుడు ఈ మాట ఇంగ్లీషులోనికి జొరబడి, అక్కడ ‘హస్బెండ్’ అయినది. మొదట ఇంటి యజమాని, తరువాత పెండ్లాడినవాడు. వ్యవసాయమునకు ఇంగ్లీషులో ‘హస్బెండ్రీ’ యను పాత పేరుండుటకు కారణ మిదియే. డార్బీ, విట్బీ, గ్రిమ్స్బీ మొదలగు ఊళ్ల చివరనున్న ‘బీ’ కూడ ఆ డేనుల కాపురములే. మన తీరమున ప్రతి రెండవ యూరి చివరను ‘పాలెము’ ఎట్లో, అక్కడ ‘బీ’ యట్లు.

ఈ కుటుంబపు మాటలు పలుకువారు మన బందరునకును వచ్చినారు. వలందులనబడిన డచ్చివారు 1605లో అక్కడ దిగినారు. వారి భాషలో రైతును ‘బూర్’ అందురు, అదియు ‘బూఆ’ మూలమునుండి వచ్చినదే. దక్షిణాఫ్రికాలో ఇంగ్లీషువారితో పోరాడిన బోయర్లను ఎరుగుదురు గదా, వారి పేరిదియే. డేనులును 1625 ప్రాంతమున బందరులో కోఠీ పెట్టి కొంతకాలము వర్తకము చేసినారు. వలందపాలెము, పరాసుపేట, ఇంగ్లీషుపాలెము అని బందరు పేటలు నేటికిని నాటి అతిథులను తలచుకొనుచున్నవి. కలంకారీ బట్టలు బేరమాడుచు రేవుగట్టున నిలిచిన ఆ పొడుగాటి తెల్లమనుష్యులకు, తాము నివసించుటకు వాడు మాటయు ఎదుటనున్న తెలుగువాడు భూమికి వాడు మాటయు ఒక్క వేరునుండి చిగిర్చినవని ఊహ గూడ ఉండియుండదు; అప్పటికి ఆ శాస్త్రమే పుట్టలేదు.

ఇక మన క్రియ.

కృత్తివెన్ను మండలము పటము మీద చూచిన సంగతి తెలియును. ఒక ప్రక్క కొల్లేటి నీటిని సముద్రమునకు చేర్చు ఉప్పుటేరు; ఒక ప్రక్క బంగాళాఖాతము; మూడవ ప్రక్కనుండి, ఎక్కడో బెజవాడ బరాజి యొద్ద బయలుదేరి ఊరూర తలలు పంచుకొని, చివరకు సన్నగిల్లి వచ్చు కాలువనీరు. ఈ చివరి భూములను రైతులు ‘శివారు’ అందురు. పోటు వచ్చినప్పుడు ఉప్పునీరు ఏటిలో ఎదురెక్కును, పాటున దిగును. కాలువనీరు రాని యేడు చేను చవుడుబారును. ఇట్టి చోట ఏ వస్తువును దానంతట అది నిలువదు. చేనును పశువులనుండి, నీటిని పైవాళ్లనుండి, గట్టును పోటునుండి, పంటను పక్షులనుండి కాచుకొనవలెను. ‘కాచు’ ఈ తీరపు జనమునకు రేయింబవళ్లు పనిలోనున్న మాట యగుటకు హేతువిది.

కాలువ సంగతి యొకటి చెప్పెదను. వంతుల నీరు వదలిన దినములలో పై యూళ్లవారు రాత్రివేళ తూములు తెరచుకొందురని శివారు రైతులకు ఎప్పుడును గుమానము. అందుచేత ఇద్దరు ముగ్గురు రైతులు కలసి, కాలువ లస్కరును నమ్మియు నమ్మకయు, దుప్పటియు టార్చిలైటును తీసికొని కాలువగట్టున పడకవేయుదురు. తూము తలుపు మీద తడిచేయి వేసి చూచి, నీటి మట్టము ఒక వ్రేలెడు తగ్గెనా, లేచి పైకి నడచిపోవుదురు. ఈ పనిని వారు ‘నీరు కాయడం’ అందురు. నీటిని కాచుట యేమి, కాలువనీరు పాలవలె పొయ్యి మీద కాగునా యని పట్నమువాడు నవ్వవచ్చును. ఆ నవ్వునకు కారణమైన శ్లేషను గూర్చి తరువాత.

నేడు ఈ మండలమున వరిచేల సరసను, కొన్నిచోట్ల వరిచేల స్థానమునను, రొయ్యల చెరువులు కనుచూపుమేర పరచుకొనియున్నవి. 2009లో వనామీ రొయ్యకు ప్రభుత్వానుమతి లభించిన తరువాత ఈ మార్పు వేగము హెచ్చినది. చెరువు గట్టు మీద తాటాకు పాక, దానిలో నులకమంచము, ఒక కుక్క, స్తంభమునకు వ్రేలాడు దీపము: ఇది కాపలావాని రాజ్యము. రాత్రి రెండు గంటలకు అతడు లేచి, నీటిలో దింపియుంచిన చెక్ ట్రేను త్రాడుతో పైకి లాగి, టార్చి వెలుతురు పడునట్లు వంగి, మేత తిన్నవా మిగిల్చినవా యని చూచును. ఒక రొయ్యను అరచేత నుంచి వెలుతురున కెత్తి దాని పేగు నిండుగా నున్నదో లేదో పరికించును. కరెంటు పోయి ఏరియేటర్లు ఆగెనా, రొయ్యలు ప్రాణవాయువు చాలక నీటిపైకి తేలులోపల జనరేటరు తిప్పవలెను. తెల్లవారుజామున నీటికాకులు దిగును. “కాపలా అంటే కూర్చోడం కాదండీ, తిరగాలండీ, కూర్చున్నోడి చెరువు తెల్లారేసరికి ఉండదండీ” అని ఈ ప్రాంతపు కాపలావాడు చెప్పు మాట నా మట్టుకు ‘కాచు’ ధాతువునకు ఏ నిఘంటువున ఇచ్చిన వివరణమునకును తీసిపోదు.

పశువులను కాచువాడు కాపరి. చినగొల్లపాలెము అను ఊరు ఉప్పుటేటికిని సముద్రమునకును నడుమ నున్నది. ఆ ఊరి పేరులో గొల్ల యున్నాడు, అనగా కాచువాడున్నాడు. నేడక్కడ వల పట్టువారే హెచ్చు గాని, పేరు మాత్రము పశువుల మందనే తలచుచున్నది.

కాచు ధాతువునుండి ‘కాపు’ వచ్చినది. ఈ మాటను నేడు వినగనే కులము స్ఫురించును. నా ప్రసంగమునకు దానితో పనిలేదు. పాత తెలుగున కాపు అనగా రైతు, ఊరనుండువాడు. తెలంగాణపు పల్లెలలో పెదకాపు ఊరిపెద్ద. వ్యవసాయమునకు ‘కాపుదనము’ అను చక్కని పేరు మన నిఘంటువులలో గలదు. ఇంగ్లీషు ‘హస్బెండ్రీ’కి ఇంతకన్న సరియైన జోడు మరియొకటి దొరకదు, దొరకినను వలదు. కాచువాడు ఎట్లు రైతైనాడు? నా యూహ యిది: విత్తనము చల్లుట ఒక పూట పని, కోయుట కొన్ని దినముల పని, ఆ రెంటికి నడుమ నెలల తరబడి చేయవలసిన పని కాచుటయే. కావున సాగునకు పేరు పెట్టవలసివచ్చినప్పుడు జనము దున్నుటను గాక కాచుటను ఎన్నుకొనిరి.

ఇక్కడ ఒక శాసనసాక్ష్యము చూపుదును. వేంగీ చాళుక్యులు తామ్రశాసనములలో దానమిచ్చు గ్రామము గల విషయమున, అనగా మండలమున, నివసించువారిని సంబోధించి తమ యాజ్ఞను తెలుపుట పరిపాటి. అట్టి విషయములలో నొకటియైన మన గుడివాడ, బందరు ప్రాంతమును గుద్రహారమనియు గుద్రవారమనియు నాటివారు పిలిచిరి. శాసనముల ఆ సంబోధనలో రాష్ట్రకూటులు, అనగా ప్రాంతపు పెద్దలు, మొదలుగా పేర్కొనబడిన జనులకు సంస్కృతమున వాడిన మాట ‘కుటుంబులు’. కుటుంబి యనగా ఇల్లుగలవాడు. శాసనభాషలో సాగుచేయు గృహస్థు. మహారాష్ట్రమున రైతుకులమునకు ‘కున్బీ’ యను పేరు ఈ కుటుంబి నుండి వచ్చినదని చెప్పుదురు. ఆలోచింపుడు: ఐస్లాండున నివాసియే రైతు, వేంగీ సంస్కృతమున ఇల్లుగలవాడే రైతు, తెలుగున కాచువాడు రైతు. మొదటి రెండును ఇంటి నుండి పొలమునకు నడచిన మాటలు. మనది పొలము నుండి ఇంటికి వచ్చినది.

ఆ రాకయే ‘కాపురము’. సబ్‌రిజిస్ట్రారు కచేరీలో దస్తావేజు వ్రాయించినవారందరును ఆ మాటను చూచియుందురు. అమ్మువాని పేరు, తండ్రి పేరు, వృత్తి, ఆ పిమ్మట ఫలానా గ్రామ ‘కాపురస్తుడు’. ఊరు మారి పట్నమున ఫ్లాటు కొనుక్కొన్న ఇంజనీరును గూడ దస్తావేజు లేఖరి కాపురస్తునిగానే వ్రాయును. ఆ ఇంజనీరు కాచునది జీతమును మాత్రమే యైనను. దస్తావేజులో ఇది వట్టి చిరునామా. ఇంటిలో మాత్రము ఈ మాట అంతకంటె లోతునకు దిగినది. ఆడపిల్లను ‘కాపురానికి పంపుదుము’. వేరు పడిన కొడుకు ‘కాపురం పెట్టును’. ఇద్దరికి పొసగనిచో “వాళ్ల కాపురం సరిగా లేదటమ్మా” అని పెద్దమ్మలు గొంతు తగ్గించి చెప్పుకొందురు. నార్సు ‘బూఆ’ ఇంటి నుండి బయలుదేరి ఇంగ్లీషువాని పెండ్లి మంటపమున ‘హస్బెండ్’గా నిలిచినది, తెలుగు ‘కాచు’ చేనిగట్టున మంచె దిగివచ్చి మన దాంపత్యమునకు పేరైనది. ఒకరినొకరెరుగని రెండు జనములు వ్యవసాయమును, నివాసమును, దాంపత్యమును ఒక్క క్రియతోనే కూర్చినవి. అయితే భేదమొకటి మరువరానిది: వారి మాటలో పురుషుడు యజమానిగా నిలిచినాడు, మన కాపురములో యజమాని లేడు. కాపురము చేయువారెప్పుడును ఇద్దరు. ఈ విషయమున తెలుగు మాటయే మేలని నా పక్షపాతము.

ఇప్పుడు ఇందాక వాయిదా వేసిన శ్లేష. చెట్టు ‘కాయు’ను, “ఈ ఏడు కొబ్బరి విరగ కాసింది,” “మామిడి ఏడాది విడిచి ఏడాది కాపు” అందుము. ఎండ ‘కాయు’ను, వెన్నెల ‘కాయు’ను, పాలు ‘కాచు’దుము, చలి ‘కాచుకొందుము’. మోకాలు నొచ్చిన ఇసుకమూటతో ‘కాపడము’ పెట్టుదుము. ఇవన్నియు ఒక్క మాటయేనా? కావు. బరో, ఎమెనో పండితులు 1961లో ప్రకటించిన ద్రావిడ భాషల వ్యుత్పత్తి నిఘంటువు ప్రకారము ఇవి మూడు వేరుల మాటలు. రక్షించుట యను వేరునుండి తమిళుల ‘కావల్’, ‘కాప్పు’, మన కావలి, కాపరి, కాపురము వచ్చినవి. కాయ యను వేరు రెండవది. తమిళులకును పచ్చిపండు ‘కాయ్’. వేడి యను వేరు మూడవది; మన పాత కావ్యభాషలో దీనికి ‘క్రాఁగు, క్రాఁచు’ అను రూపములును గలవు గనుక, పాలు కాచుటకును పశువులు కాచుటకును భేదము ఆ కాలపు పాఠకుని చెవికి స్పష్టముగనే వినబడియుండును. ఆ రేఫము వ్యవహారమున జారిపోయి, మూడు డ్రెయిన్లు వచ్చి ఉప్పుటేటిలో పడినట్లు, మూడు మాటలును ఒక్క రూపమున కలసిపోయినవి. కలసిన తరువాత ఏ చుక్క ఏ డ్రెయినుదో చెప్పుట వ్యుత్పత్తికారుని పని. పలుకువానికి దానితో పట్టింపు లేదు.

రక్షణార్థమే మరికొన్ని దిక్కులకు ప్రాకినది. “నా తప్పు కాయండి” అన్నచోట కాచుట క్షమించుట. “ఎప్పుడు జారుతానా అని కాచుకు కూర్చున్నాడు” అన్నచోట కాచుట పొంచియుండుట. మేలుకోరి చూచు కన్నును, కీడుకోరి చూచు కన్నును ఒక్క క్రియలో ఇమిడినవి. నార్సు ‘బూఆ’కు ఈ చీకటి కోణము నేనెరిగినంతలో లేదు.

‘బూఆ’ మనలను మించినచోటు ఒకటి యున్నది; అది పడవ. ఓడను సిద్ధము చేయుటయు వారికి ‘బూఆ’యే, సిద్ధమైనది ‘బూఇన్’. ఇంగ్లీషువారు ఫలానా రేవునకు పోవు ఓడ యని చెప్పుటకు వాడు ‘బౌండ్’ అను మాట ఈ ‘బూఇన్’ నుండియే కలిగినది. తూర్పుతీరమున ఏప్రిలు 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు, సముద్రమున వేట నిషేధము. ఆ రెండు నెలలు మన పాలెములలో ఇంజన్లు విప్పి బాగుచేయుట, తెగిన వలలు అల్లుట, పడవకు రంగు వేయుట, ఒడ్డున కూర్చుండి జరుగు పనియంతయు నార్సువానికి ఒక్క క్రియ. మనకు దానికి సిద్ధము, ఆయత్తము అను తత్సమములు తప్ప సొంత మాట ఇంత పొందికైనది తోచదు. పడవ నీటిలో దిగిన తరువాత ఒడ్డున నిలిచి చూచు ఆడువారికి మాత్రము మన మాటయే కావలెను.

ఏలయన 1864 నవంబరు 1న బందరును ముంచి 30,000 మందిని పొట్టనబెట్టుకొనిన ఉప్పెనయు, 1977 నవంబరు 19న దివిసీమను తుడిచిన ఉప్పెనయు ఈ తీరమున అందరికిని తెలిసిన చరిత్ర. తుపాను కబురు వచ్చి, వేటకుపోయిన పడవలు రానిచో ఇంటనున్నవారు పడు అవస్థకు తెలుగువాడు ‘కళ్లు కాయలు కాచేలా’ అను మాట కట్టినాడు. నిఘంటువు దీనిని కాయ యను వేరు క్రింద చేర్చును. చేయి పనిచేసి కాయలు కాచినట్లు కన్ను చూచి చూచి కాయలు కాచె నని వివరించును. శాస్త్రము ప్రకారము అది సరియే. కాని ఆ మాటను పలుకు ముసలమ్మ నడుగుడు. కాయ సంగతి ఆమె యెరుగదు. ఆమెకు వినబడునది కాచుటయే.